అయిదు జీడిపిక్కల కప్ప

రామూర్తి పెదనాన్న పోయిన నాలుగో నెలకి మా నూతిని ఊరు వెలివేసింది. ఎవరూ నోరు తెరిచి అనలేదు. బిందెలు రావడం మానేశాయి, అంతే. కంచిలికి కూతవేటు దూరంలో, కొబ్బరితోటల మధ్య మా తాత తవ్వించిన నుయ్యి అది. ఇసుకనేల కాబట్టి పన్నెండడుగులకే జల పడిందట. మూడు కరువులు చూసింది, ఒక్కసారీ ఎండలేదు. పొద్దున్నే ఇరవై బిందెల చప్పుడుతో లేచే ఇల్లు మాది. ఆ ఏడు జ్యేష్ఠంలో అమ్మ తోడినప్పుడు తప్ప గిలక కదల్లేదు.

రెండు వేల నాలుగు నాటి మాట. మా ఉద్దానం ఊళ్ళలో పెదనాన్నని తీసుకుపోయిన ఆ జబ్బుకి అప్పటికే కిడ్నీ అని పేరైతే వచ్చింది గానీ కారణం మాత్రం ఎవరికీ తెలీదు. నీళ్ళన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు. తలకో మాట. పెదనాన్న విశాఖపట్నం పెద్దాసుపత్రికి కారు ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా కనబడ్డవాళ్ళందరికీ చెయ్యూపుతూ వెళ్ళాడు. అక్కడ రక్తం తీసి ఒక అంకె చెప్పారు. ఆ అంకె విన్నాక మనిషి సగమైపోయాడు. వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చారు. అప్పట్నుంచీ మా ఊళ్ళో జబ్బు కంటే పరీక్షకే ఎక్కువ భయం. నాకు కూడా. జువాలజీలో డిగ్రీ చేసి వచ్చినదాన్ని, నేనూ ఊరితో పాటే భయపడ్డాను.

మా నాన్న జగదీశ్వరరావు ఒకసారి ఊరికి ప్రెసిడెంటుగా చేసినవాడు. తనను తిడితే నవ్వేసి ఊరుకునేవాడు గానీ, నూతిని అంటే ఓర్చుకోలేకపోయాడు. అన్నగారు పోయిన దుఃఖం ఒకవైపు, మా నీళ్ళే ఆయన్ని మింగాయన్న మాట ఇంకోవైపు. వీధిలోంచి ఎవరైనా ఖాళీ బిందెతో మా ఇల్లు దాటి అవతలి వీధి బోరుకి వెళ్తుంటే అరుగు మీంచి లేచి లోపలికి వచ్చేసేవాడు.

నాన్న కాళ్ళు వాయడం మొదట చూసింది అమ్మే. పొద్దున చెప్పులు పట్టేవి కావు. అమ్మ బొటనవేలితో నొక్కితే అక్కడ గుంట పడి, పూడడానికి బాగా సేపు పట్టేది. నడుం నొప్పికి ఊరి ఆరెంపీ బాబ్జీ చేత సూది పొడిపించుకోవడం, అతనిచ్చిన మాత్రలు చెనగపప్పులా నోట్లో వేసుకోవడం నాన్నకి ముందునుంచీ అలవాటే. తోటపని చేసేవాళ్ళందరికీ అలవాటే.

"మీ అన్నగారికీ ఇలాగే కదా మొదలెట్టింది. ఓపాలి రత్తం సూపించుకుంటే ఏటి పోద్ది?" అని అమ్మ రోజూ అడిగేది. పోయేదేమిటో ఇద్దరికీ తెలుసు. పరీక్షలో అంకె తేలిందంటే జగదీశ్వరరావుతో పాటు ఆ నుయ్యి కూడా దోషి అయిపోతుంది. ఇంక దాన్ని పూడ్చుకోవడమే.

మృగశిర కార్తెలో తొలివాన పడ్డ మర్నాడు నాన్న తోడిన చేదలో ఒక కప్పపిల్ల వచ్చింది. బోదురుకప్ప పిల్ల. ఒళ్ళంతా గరుకు, కళ్ళ పైన నల్లగీత, వేలి గోరంత మనిషి. నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, ఇది నీళ్ళు ఎలా తాగుతుందని అడిగాడు. నా చదువు గురించి మా ఇంట్లో ఎవరైనా అడగడం అదే మొదలు. కప్పలు నోటితో తాగవు నాన్నా, ఒంటి చర్మంతోనే నీళ్ళు పీల్చుకుంటాయి, నీళ్ళలో ఏముంటే అదంతా వాటి ఒంట్లోకి పోతుంది అని గడగడా చెప్పాను. చెప్పి మురిసిపోయాను కూడా.

మా వైపు పెద్దవాళ్ళకి ఒక నమ్మకం ఉంది. కప్ప ఉన్న నుయ్యి బతికున్న నుయ్యి, కప్ప విడిచిన నూతి నీళ్ళు గొడ్డుకి కూడా పెట్టకూడదు అని. కొత్తగా నుయ్యి తవ్వినప్పుడు మొదట ఒక కప్పని వదిలి, అది మూడు రోజులు తిరిగాకే మనుషులు తాగేవారట. నా చర్మం పాఠం, ఆ పాత నమ్మకం నాన్న బుర్రలో ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"నీళ్ళు మంచివో కావో నోరున్నోడు సెప్పలేకపోతన్నాడు. నోరు లేంది సెప్తాది సూడు," అన్నాడు అమ్మతో. "ఈ కప్పని మన నూతినీళ్ళతోటే పెంచుతాను. ఇది సచ్చిన్నాడు నువ్వు రమ్మన్న కాడికి వత్తాను, సూది పొడిపించుకుంతాను. బతికున్నన్నాళ్ళూ నువ్వా ఊసెత్తకూడదు."

అమ్మ నావైపు చూసింది. బోనులో పెట్టిన కప్ప ఎన్నాళ్ళు బతుకుతుందిలే, మహా అయితే వారం అనుకుని ఉంటుంది. నూతి మీద చెయ్యేసి చెప్పమంది. నాన్న గట్టు మీద చెయ్యేసి చెప్పాడు. మా ఇంట్లో దేవుడి మీద వేసిన ఒట్టుకైనా తీసి గట్టున పెట్టే దారి ఉంటుందేమో గానీ, నూతి మీద వేసిన ఒట్టుకి ఉండదు.

పశువులకి కుడితి పోసే పాత సిమెంటు గోలెం ఒకటి పెరట్లో ఉండేది. అందులో సగం దాకా తడి ఇసక పోశాం, ఒక మూల మూకుడులో నూతినీళ్ళు పెట్టాం, నీడకి రెండు పెంకులు నిలబెట్టాం. పైన కప్పడానికి వల ముక్క డొంకూరు నారాయణమ్మ ఇచ్చింది. ఆవిడ ఆటోలో చేపల గంప వేసుకుని వారానికి రెండు రోజులు మా ఊరు వచ్చేది. కప్పకి వల ఎందుకని అడిగి, దాని ఎదుగుదల పుస్తకంలో రాస్తామని విని, బుగ్గలు నొక్కుకుంది. సముద్రం మీద బతికేవాళ్ళం మేమూ చేపను చూసే నీళ్ళ సంగతి చెప్తాం గానీ, చేపకి పుస్తకం పెట్టం కదమ్మా అంది.

పుస్తకం పెట్టింది నేనే. రెండు కొబ్బరి చిప్పలకి తాళ్ళు కట్టి, వెదురుపుల్లకి వేలాడదీసి నాన్న ఒక త్రాసు చేశాడు. ప్రతి ఆదివారం పొద్దున తూకం. మొదటి వారం రెండు చింతపిక్కల బరువు. నాలుగో వారానికి ఒక జీడిపిక్క. పొడుగు నా పాత జామెట్రీ పెట్టెలోని స్కేలుతో కొలిచేదాన్ని. ముక్కు నుంచి వెనక దాకా, కాళ్ళు లెక్కలోకి రాకుండా. తేదీ, పొడుగు, తూకం, తిన్నవి, ఒంటి రంగు, హుషారు. రికార్డు పుస్తకంలో రాసినట్టే గీతలు గీసి రాశాను. కాలేజీలో నా రికార్డుకి ఎప్పుడూ వెరీగుడ్ వచ్చేది.

దానికి తిండి సంపాదించడం నాన్న పని. పొద్దున్నే తోటలోకి వెళ్ళి, రాలిన కొబ్బరిమట్టలు తిరగేసి, చెదలు దులిపి కాగితంలో పొట్లం కట్టి తెచ్చేవాడు. ఆయాసపడుతూనే తెచ్చేవాడు. గోలెం పక్కన ముక్కాలిపీట వేసుకుని ఒక్కొక్క చెదపురుగునీ పుల్లతో అందించేవాడు. అది నాలుక విసిరినప్పుడల్లా చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. నెలన్నర తిరిగేసరికి అది నాన్న మాట వినగానే పెంకు కిందనుంచి బయటికి వచ్చి, ఆయన అరచెయ్యి ఎక్కి కూర్చోవడం నేర్చుకుంది. పెదనాన్న పోయాక ఆయన ముఖంలో నవ్వు చూడడం అదే మొదలు.

అమ్మ రోజూ పొద్దున్నే వల ఎత్తి చూసేది. ఆవిడ దాని చావు కోరుకుంటోందని నాకు తెలుసు. ఒకరోజు దేవుడి గూటి ముందు నిలబడి పెదాలు కదుపుతుంటే ఏమిటి మొక్కుతున్నావని అడిగాను. "ఓ పురుగు సావడానికి కూడా మొక్కుకునే గతి పట్టింది నాకు," అంది.

ఆషాఢం చివర్లో పార్వతి బిందె పట్టుకుని వచ్చింది. మూడిళ్ళ అవతల ఉంటుంది, నాకు వరసకి అక్క. బోరు చెడిపోయింది, ఒక్క బిందె తోడుకుంటానంది. నాన్న లేచి వెళ్ళి తనే చేదాడు. తర్వాత లోపలికి పిలిచి కప్పను చూపించాడు, నా పుస్తకం తెరిచి చదివి వినిపించాడు. చింతపిక్కల దగ్గర్నుంచి రెండు జీడిపిక్కల దాకా. చదువుకున్న పిల్ల రాసింది, వట్టి మాటలు కావని చెప్పాడు. మర్నాడు రెండు బిందెలు వచ్చాయి. ఆ వారంలో ఏడు. గిలక మళ్ళీ మాట్లాడ్డం మొదలుపెట్టింది. నాన్న అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ కప్ప కబుర్లు చెప్పేవాడు. ఆయన కాళ్ళు పంచె కింద కప్పుకుని ఉండేవి కాబట్టి ఎవరికీ కనబడేవి కావు.

శ్రావణం ఆఖర్న అమ్మ టెక్కలిలో పిన్నిగారింటికి మూడు రోజులు వెళ్ళింది. రెండో రోజు నాన్న పొద్దున్నే బస్సెక్కి జీడిపిక్కల బేరానికి పలాస వెళ్ళాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. వల ఎత్తి చూస్తే కప్ప మూకుడు పక్కన వెల్లకిలా పడి ఉంది. తెల్లటి పొట్ట, బారజాపిన కాళ్ళు. పుల్లతో కదిపాను. చేత్తో కదిపాను.

ముందురోజు సాయంత్రం ఎవరో ఇద్దరు వచ్చి, వానాకాలం వాంతులు విరేచనాలు రాకుండా అని వీధిలో నూతులన్నిట్లోనూ బ్లీచింగ్ పొడి వేసి వెళ్ళారు. ఆ వాసన మూకుడులో ఇంకా ఉంది. నీళ్ళు మార్చింది నేనే, ఎప్పటిలాగే, ఆలోచించకుండా. అయితే దీన్ని చంపింది బ్లీచింగు, నుయ్యి కాదు అనుకున్నాను. ఇది లెక్కలోకి రాని చావు అనుకున్నాను. ఇంత చిన్న పొరపాటుకి నాన్న ఒట్టు ఎందుకు తీర్చుకోవాలి? ఆయన్ని కారు ముందు సీట్లో కూర్చోబెట్టి ఎందుకు పంపాలి?

ఇవన్నీ తర్వాత అల్లుకున్న మాటలని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వేసింది భయం, అంతే. ఆ అంకె మా ఇంటికి రాకూడదు. నాన్న ఇలాగే పీట వేసుకుని నవ్వుతూ ఉండాలి. ఇరవై ఏళ్ళు దాటినదాన్ని, బుద్ధి పాలుతాగే పిల్లది.

దాన్ని అరటిబోదె మొదట్లో పాతిపెట్టాను. తర్వాత వెదకడం మొదలుపెట్టాను. బట్టలుతికే బండ కింద ఒకటి దొరికింది గానీ మరీ పెద్దది. కట్టెల దొంతి వెనక దొరికినది బాగా నల్లది. మూడోది స్నానాల తడిక దగ్గర. అదే గరుకు, అదే కంటిగీత. కొబ్బరిచిప్పలో పెట్టి తూచాను. చచ్చిపోయినది కిందటి ఆదివారం మూడు జీడిపిక్కలు తూగింది. ఇది మూడు జీడిపిక్కలు, రెండు చింతపిక్కలు. ఒక వారానికి అంత ఎదుగుదల సహజమే. గీతలు గీసి, తేదీ వేసి, గుండ్రని అక్షరాలతో రాశాను. హుషారు అన్నచోట 'బాగుంది' అని రాశాను.

ఆ సాయంత్రం నూతిగట్టు కింద, అవే బ్లీచింగు నీళ్ళు పారే కాలవలో, కప్పలు ఎప్పటిలాగే అరిచాయి. బ్లీచింగే చంపేదైతే ముందు వాటిని చంపాలి. ఆ అరుపులు నేను విన్నాను. విని, లోపలికి వెళ్ళి రేడియో పెట్టుకున్నాను.

పలాస నుంచి వచ్చిన నాన్న కాళ్ళు కడుక్కోకుండానే గోలెం దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాపాడు. కొత్తది మూలకి నక్కింది.

"ఇదేటే, నన్ను సూసి నక్కుతాంది?"

బ్లీచింగ్ వాసనకి బెదిరినట్టుంది నాన్నా అన్నాను. పాపం అన్నాడు. ఆ రోజునుంచి దాని పక్కన ఇంకా ఎక్కువసేపు కూర్చుని, ఇంకా ఎక్కువ చెదలు తెచ్చి పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడి, మళ్ళీ మచ్చిక చేసుకున్నాడు. పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ నేను ఆయన పక్కనే నిలబడి చూశాను.

అమ్మ టెక్కలి నుంచి చేతిసంచీ దించకుండానే వచ్చి వల ఎత్తింది. అందులో కప్ప కదులుతూనే ఉంది. పిన్ని ఎవరో మంచి డాక్టరు పేరు రాయించి ఇచ్చిందట. ఆ కాగితం కొంగు చివర ముడివేసుకుని తెచ్చింది. కప్ప బతికి ఉంది కాబట్టి ఆ ముడి విప్పలేదు. మాటంటే మాటే మా అమ్మకి. నేను అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముట్టించాను.

భాద్రపదంలో నాన్నకి అన్నం సయించడం మానేసింది. నారాయణమ్మ గంప దించితే చాలు, ఆ వాసనకి పెరటివైపు పరుగెత్తేవాడు. చేప లేనిదే ముద్ద దిగని మనిషి. నారాయణమ్మ ఒకరోజు ఆయన ముఖం కేసి తేరిపార చూసి, అమ్మని పక్కకి పిలిచింది. వాళ్ళ ఊళ్ళో ఇలాంటి ముఖాలు నాలుగు చూశానని, కళ్ళ కింద ఆ ఉబ్బు మంచిది కాదని చెప్పింది. అమ్మ ఆ మాట నాన్నకి చెప్పలేదు. గోలెం వైపు చెయ్యి చూపించి, నేను ఒట్టు వేయించుకున్నాను నారాయణమ్మా, ఏం చెయ్యమంటావు అంది.

ఆశ్వయుజంలో ఒక ఆదివారం కప్ప అయిదు జీడిపిక్కలకి తూగింది. చిప్ప అటూ ఇటూ ఊగి సరిగ్గా నిలబడినప్పుడు నాన్న చప్పట్లు కొట్టాడు. వీధిలోకి వెళ్ళి నలుగురిని పిలుచుకొచ్చాడు. బాబ్జీ కూడా వచ్చి చూసి, ఇంత ఆరోగ్యంగా ఉన్న కప్పని మా పుస్తకాల్లో కూడా చూళ్ళేదండి అన్నాడు. ఏ పుస్తకాలో మరి. ఆ వేళకి మా నూతికి పధ్నాలుగు బిందెలు తిరిగి వచ్చాయి. వాళ్ళంతా వెళ్ళిపోయాక నాన్న అరుగు మీద పడుకుని దుప్పటి కప్పమన్నాడు. బయట ఎండ మండుతోంది. నోరంతా ఇనుము చప్పరించినట్టు ఉందన్నాడు. దుప్పటి కప్పి, కాళ్ళు పట్టాను. నా వేళ్ళు దిగిన చోటల్లా గుంటలే.

కార్తీకంలో రెండో సోమవారం, పొద్దున ఎనిమిదింటికి, పార్వతి బిందెలో పొయ్యడానికి చేద లాగుతూ నాన్న నూతిగట్టు మీద కూలబడిపోయాడు. చేద తాడుతో సహా లోపలికి జారిపోయింది. అప్పుడిక కప్పని ఎవరూ అడగలేదు. కారు పిలిచి వెనక సీట్లోనే పడుకోబెట్టాం.

విశాఖపట్నంలో రక్తం తీశారు. ఒకటి దగ్గర ఉండాల్సిన అంకె పన్నెండు దాటింది. చూసిన డాక్టరు నా కంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. కాళ్ళ వాపు ఎప్పట్నుంచి, నొప్పి మాత్రలు ఎన్నాళ్ళుగా, వాంతులు ఎప్పుడు మొదలయ్యాయి అని అడిగింది. అమ్మ జ్యేష్ఠం నుంచీ లెక్క చెప్పింది. డాక్టరు కాగితం మీద రాసుకుంటూ, ఆ మాత్రలు అప్పుడే మానిపించి ఉండాల్సిందని అంది. అప్పుడొచ్చినా జబ్బు పోయేది కాదు గానీ కొన్నేళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళం అంది. శ్రావణం చివర్లో వచ్చినా అని అడిగాను నేను. అడగకుండా ఉండాల్సింది. ఆమె తల పైకెత్తి, అప్పటికైనా నయమే అంది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ మంచినీళ్ళ సీసా నింపుకు రావడానికి కిందికి వెళ్ళింది. నాన్న మెడ పక్కన డయాలిసిస్‌కని గొట్టం పెట్టి ఉంది. కప్పకి చెదలు ఎవరు పెడుతున్నారని అడిగాడు. పార్వతికి అప్పజెప్పి వచ్చామని చెప్పాను. తూకం వెయ్యడం దానికి రాదు, ఆదివారం నువ్వే వెళ్ళి వెయ్యి అన్నాడు. అక్కడితో నా వల్ల కాలేదు.

"నాన్నా, ఆ కప్ప శ్రావణంలోనే చచ్చిపోయింది. ఇప్పుడున్నది నేను తెచ్చి పెట్టింది."

ఆయన నావైపు చూశాడు. కోపం కోసం చూశాను ఆ ముఖంలో. కోపం వస్తే నాకు బాగుండేది.

"ఎన్ని పిక్కల కాడ?" అన్నాడు.

"మూడు."

పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. మూడు నుంచి అయిదుకి ఎన్ని ఆదివారాలో ఆయన లెక్కపెట్టుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఎందుకు చేశావని అడగలేదు. బహుశా అడగక్కర్లేదు. ఆయన కూడా ఆ అంకెకి భయపడే కదా కప్పని పెట్టుకున్నాడు.

వరండాలో అమ్మ చెప్పుల చప్పుడు వినబడింది. నాన్న గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ వాచిన చేతిలో అంత బలం ఉందని నేననుకోలేదు.

"మీ అమ్మకి సెప్పకు. ఎప్పుడూ సెప్పకు."

అమ్మ వచ్చి సీసా బల్ల మీద పెట్టింది. నాన్న చెయ్యి వదిలేసి, నీళ్ళు చల్లగా ఉన్నాయేటి అని అడిగాడు.

మాఘమాసంలో పోయాడు. పదిరోజులూ అయ్యాక వల తీసేసి కప్పని బయటికి వదిలాను. ఎటు వెళ్ళిందో చూడలేదు. పుస్తకం కుంపట్లో పెట్టాను. బిందెలు మళ్ళీ మానేశాయి. ఈసారి ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు.

తర్వాతి వానాకాలం ఎక్కడినుంచో డాక్టర్లు వచ్చి మా ఊరి బడిలో రక్తపరీక్షలు పెట్టారు. జనం మూల మూలలకి నక్కారు. మా అమ్మే ఇల్లిల్లూ తిరిగి, తిట్టి, బతిమాలి, ముప్పై మంది ఆడవాళ్ళని లాక్కొచ్చి వరసలో నిలబెట్టింది. తను ముందు నిలబడింది, వెనక నేను. వరస కదలకపోతే ఆవిడ నాన్న కథ చెప్పడం మొదలుపెట్టింది. అంతకుముందు కూడా చాలాసార్లు చెప్పింది, ఎవరు దొరికితే వాళ్ళకి. కప్పని గోలెంలో పెట్టడం, చెదల పొట్లాలు, కొబ్బరిచిప్పల తూకం. చేతులు తిప్పుతూ, నాన్న గొంతు పెట్టి చెప్పేది. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"పెళ్ళాం ఏడిత్తే విన్లేదు, పురుగు గెంతుతాంటే విన్నాడు. అంత మొండి మనిషి," అంది అమ్మ. మూడు పంచాయతీల్లో పెద్దమనిషిగా కూర్చున్న మా నాన్న ఆ వరసలో అందరికీ వెర్రిబాగులవాడైపోయాడు. అలా అవడం ఇది ఎన్నోసారో నేను లెక్కపెట్టడం మానేశాను.

పార్వతి వెనక్కి తిరిగి నన్ను అడిగింది. "నువ్వే కదే పుత్తకం రాసినావు. నిజింగా అంత బాగా ఎదిగిందేటి ఆ కప్ప?"

అమ్మ కూడా తిరిగి చూసింది. ముప్పై మంది చూశారు.

"ఎదిగింది," అన్నాను. "అయిదు జీడిపిక్కలు తూగింది."

"అదిగో, యినండి," అంది అమ్మ. ఆవిడ నవ్వు అక్కడ ఆగిపోయింది. "దిక్కుమాలిన కప్ప. ఓ మూడు నెల్ల ముందు సచ్చినా నా మనిషి బతికీవోడు."

లోపల్నుంచి అమ్మ పేరు పిలిచారు. అమ్మ జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటూ గదిలోకి వెళ్ళింది.